చాటెడు తౌడు

జూలై 8, మంగళవారం

జనవరిలో లెన్సుల కంపెనీ వాళ్లు పంచిన డైరీ ఇది. మా దుకాణం యజమాని గురులింగప్ప సార్ "నాకెందుకమ్మ, నువ్వే ఉంచుకో" అని నా వైపు తోశారు. ఇన్నాళ్లూ దీని మీద టీ గ్లాసు పెట్టుకున్నాను. ఈరోజు రాయడానికి పెద్ద కారణమేమీ లేదు. వాన పడుతోంది, బస్టాండు ఖాళీగా ఉంది, దుకాణంలోకి ఈగ కూడా రావడం లేదు.

ఒక్కటి మాత్రం జరిగింది. ట్రాక్టర్ ఫ్యాక్టరీలో ఇంజనీరు, హరీశ్ అని కోస్తావైపు మనిషి, పోయిన వారం కళ్లద్దాలు చేయించుకున్నాడు. ఈరోజు వాటిని పట్టుకుని తిరిగొచ్చాడు. "పెట్టుకుంటే తల పోటెత్తిపోతోందండి, కాస్త చూస్తారా" అన్నాడు. అంత మర్యాదగా ఫిర్యాదు చేసిన మనిషిని నేనింతవరకు చూడలేదు. వెంటనే లెన్సులు కోసే ల్యాబుకు ఫోన్ చేసి వాళ్లను కడిగేశాను. తర్వాత ఎందుకైనా మంచిదని మళ్లీ కొలిచాను. తప్పు ల్యాబుది కాదు, నాది. రెండు కంటిపాపల మధ్య దూరం తప్పు రాశాను.

ఈ కొలత నేను నిద్రలో కూడా తీయగలను. ఎదుటివాళ్ల ముక్కు మీద స్కేలు ఆనించడం, ఒక కన్ను మూసుకోవడం, "నా ఎడమ కంట్లోకి చూడండి" అనడం. లారీ డ్రైవర్లు చూస్తారు, అల్లం రైతులు చూస్తారు, స్కూలు పంతుళ్లు చూస్తారు. ఒక్కరి కొలతా ఎప్పుడూ తప్పలేదు. ఆరోజు ఉక్కపోతకు నా తల తిరిగి ఉంటుంది.

జూలై 9

అమ్మ మళ్లీ నా ముక్కు కింద వేలు పెట్టి చూసింది. నేను మేలుకునే ఉన్నాను. ఊపిరి బిగబట్టి ఏడిపిద్దామా అనుకున్నాను కానీ, పాపం అనిపించింది. నాకు ముప్పై ఏళ్లు. ఇప్పటికీ పక్కలో పడుకుని, నేను బతికే ఉన్నానా అని చూసుకుంటుంది.

జూలై 20, ఆదివారం

న్యాల్‌కల్ నుంచి సంబంధం వచ్చి వెళ్లింది. అబ్బాయి మంచివాడిలాగే ఉన్నాడు. నా కళ్లద్దాల మందం చూసి కూడా జంకలేదు, ప్లేటులో మిక్చర్ సగం తిన్నాడు. అంతలో మా అమ్మ ఆ అబ్బాయి తల్లిని వంటింట్లోకి తీసుకెళ్లింది. బయటికి వచ్చేసరికి ఆవిడ ముఖం మారిపోయింది. "ఫోన్ చేస్తం" అని లేచారు. అబ్బాయి చేతిలో ఉన్న మిక్చర్ కూడా తిరిగి ప్లేటులో వేశాడు.

అమ్మ ఏం చెబుతుందో నాకు తెలుసు. ఏడో నెలలో పుట్టిన పిల్ల అని చెబుతుంది, దాచడం పాపం అంటుంది. చెప్పుకోనీ. కానీ ఏడో నెల అంటే అంటురోగం కాదు కదా, వచ్చినవాళ్లందరి ముఖాలూ ఎందుకలా వాడిపోతాయో అర్థం కాదు.

ఇంకో తమాషా కూడా జరిగింది. ఆవిడ "మీకు ఒక్కతేనా బిడ్డ" అని అడిగితే అమ్మ ఎప్పటిలాగే "నాకెవ్వరు లేరమ్మ, గీమె రాయికోడ్ శ్యామల బిడ్డ" అంది. వాళ్లు నన్ను పెంచుకున్న పిల్ల అనుకుని ఉంటారు. ఇది వివరించాలంటే ఒక పూట పడుతుంది.

నాకంటే ముందు అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. నేను ఏడో నెలలోనే తొందరపడ్డాను. హైదరాబాద్ దవాఖానలో గాజు పెట్టెలో ఉంచి, ఇంక మీ అదృష్టం అని ఇంటికి పంపారు. అప్పుడు మా వాళ్లు రాయికోడ్‌లో ఉండేవారు. పిల్ల నిలవాలంటే చావు కళ్లు కప్పాలని నన్ను చాటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేశారు. పక్కింటి శ్యామల పెద్దమ్మ, ముందే చెప్పి ఉంచిన మనిషి, దారిన పోతున్నట్టు వచ్చి "నాకు దొరికింది" అని ఎత్తుకుంది. అక్కడికి సగమే అయింది. కన్నతల్లి చాటెడు తౌడు ఇచ్చి ఆ బిడ్డను తిరిగి కొనుక్కోవాలి. అందరూ అదే పూట కొనేసుకుంటారు. అమ్మ కొనలేదు. కొంటే నేను తనదాన్నని తెలిసిపోతుందట. ఎవరికి తెలుస్తుందే అంటే చెప్పదు. నాన్న ఉన్నన్నాళ్లు ఆయన చెప్పి చూశాడు, వినలేదు.

అందుకే స్కూల్లో నేను అక్షతను, శ్యామల పెద్దమ్మకు పెంటమ్మను, మా అమ్మకు పక్కింటావిడ బిడ్డను. ఏడో తరగతిలో పెద్దమ్మ జామపళ్లు పట్టుకుని వచ్చి మా క్లాసు కిటికీ దగ్గర "పెంటీ" అని పిలిచిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే.

సంబంధం పోయినందుకు నాకేమీ బాధ లేదు. నిజంగానే లేదు. మిగిలిన మిక్చర్ నేనే తిన్నాను.

ఆగస్టు 5

హరీశ్ మళ్లీ వచ్చాడు. కళ్లద్దాల కాడ దగ్గర స్క్రూ వదులైందట. పోయిన వారం కూడా అదే. ఈ కంపెనీ ఫ్రేములు ఇంత నాసిగా ఉంటే ఎలా, ఇంక తెప్పించవద్దని సార్‌కు చెప్పాను. సార్ నా వైపు చూసి మీసం దువ్వుకున్నారు.

శ్వేతకు ఫోన్లో చెప్పాను. నాకు స్నేహితులంటే ఇంటర్ నుంచి మిగిలింది అదొక్కతే. పిక్నిక్‌లకు, పెళ్లిళ్లకు పిలిచినన్నాళ్లూ పిలిచి, అమ్మ పంపదని తెలిశాక మిగతావాళ్లు మానేశారు. నేనూ పెద్దగా బతిమాలలేదు. ఇంట్లో ఉంటే ఎవరూ తేరిపార చూడరు కదా. శ్వేత మొత్తం విని, "ట్రాక్టర్లకు బోల్టులు బిగించేటోనికి కండ్లద్దాల స్క్రూ బిగించరాదా? నీకు కండ్లే కాదే, బుర్ర కూడ మందమే" అంది.

దానికి పెళ్లయి ఇద్దరు పిల్లలు. అలాంటివాళ్లకు అన్నీ అలాగే కనిపిస్తాయి.

ఆగస్టు 19, మంగళవారం

మధ్యాహ్నం హరీశ్ వచ్చాడు. స్క్రూ బాగానే ఉంది. గడ్డం గీసుకోలేదు. కుర్చీలో కూర్చుని, ఎందుకొచ్చాడో తనకే తెలియనట్టు అద్దాల బీరువా వైపు చూస్తూ ఉండిపోయాడు. మంచినీళ్లు ఇచ్చాను.

వాళ్ల చెల్లెలు నాగశ్రీకి హైదరాబాద్‌లో కాన్పయిందట. రెండు నెలలు ముందే. పాపను గాజు పెట్టెలో పెట్టారట. "అరచేతిలో పట్టేంత ఉందండి. ముట్టుకుంటే చిరిగిపోతుందేమో అన్నట్టుంది చర్మం" అన్నాడు. నీళ్లు తాగి, "బతుకుతుందంటున్నారు డాక్టర్లు. కానీ అలాంటి పిల్లలు పెద్దయ్యాక అందరిలా ఉంటారంటారా? మా చెల్లి అదే అడుగుతోంది. నాకు ఎవర్ని అడగాలో తెలీక..."

కళ్లద్దాల దుకాణంలో అడిగే ప్రశ్న కాదు. కానీ నన్నే అడిగాడు. నేను బల్ల తుడవడం మొదలుపెట్టాను. అద్దం బల్ల అది, అప్పటికే తుడిచి ఉంది. "దేవుడున్నడు సార్" అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

ఆగస్టు 20

చెప్పాల్సింది.

ఆగస్టు 22

చెప్తే ఏమవుతుంది? మిక్చర్ తిరిగి ప్లేటులో వేస్తాడు. అంతే కదా. అలవాటే.

ఆగస్టు 25, సోమవారం

చెప్పాను.

సార్ భోజనానికి వెళ్లారు. హరీశ్ హైదరాబాద్ నుంచి నేరుగా బస్సు దిగి వచ్చాడు. పాప కొంచెం పాలు తాగుతోందని చెప్పాడు. నేను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. ఇంట్లో అమ్మ ముందు తప్ప ఎక్కడా తీయను. తీస్తే నా కళ్లు పెద్దవై, చూపు ఎటో పోయినట్టు ఉంటుంది, ఆ సంగతి నాకు తెలుసు.

"అట్ల పుట్టినోళ్లు పెద్దగయితే ఎట్లుంటరు అని అడిగిన్రు కద. గిట్లుంటరు" అన్నాను. "నేను ఏడో నెలల పుట్టిన. చూపు తక్కువ, చలికాలం ఆయాసమొస్తది, ఎడమ కాలు జర బిగుసుకుంటది. డిగ్రీ పాసైన. మెట్లు ఎక్కుత. అబద్ధాలు కూడ మంచిగనే చెప్త."

ఎదురుగా అతని ముఖం నాకు ఒక మసక మచ్చ మాత్రమే. ఆ మచ్చ చాలాసేపు కదల్లేదు. ముఖం వాడిపోయిందో లేదో తెలుసుకునే దారి లేదు, అది కూడా ఒకందుకు మంచిదే అనుకున్నాను.

"ఇప్పుడు నేను మీకు కనబడుతున్నానా అండి?" అన్నాడు.

"కొంచెం దగ్గరికొస్తే కనబడ్తరు."

కుర్చీ జరిగిన చప్పుడైంది. దగ్గరికొచ్చాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు కూడా.

ఆగస్టు 31, ఆదివారం

లెన్సుల కంపెనీ మీటింగ్ అని అమ్మకు అబద్ధం చెప్పి హైదరాబాద్ వెళ్లొచ్చాను. హరీశ్‌తో, బస్సులో. నాగశ్రీ నన్ను చూడాలని పట్టుబట్టిందట. కిటికీ పక్కన నేను, మధ్యలో అరటిపళ్ల సంచి, ఇటుపక్క అతను. సదాశివపేట దాటేదాకా ఇద్దరం ఆ అరటిపళ్ల గురించే మాట్లాడుకున్నాం.

పాప ఉన్న గదిలోకి తల్లిని తప్ప ఎవరినీ రానివ్వరు. నాగశ్రీ శాలువా కప్పుకుని బయటికి వచ్చింది. పక్కన వాళ్లమ్మ నాగమణి గారు. ఇద్దరూ నన్ను పైనుంచి కిందికి చూశారు. పెళ్లిచూపుల్లో అలాగే చూస్తారు, కానీ ఇది వేరు. ఆకలిగా ఉన్నవాళ్లు అన్నం వైపు చూసినట్టు చూశారు. నేను పుట్టినప్పుడు ఎంత బరువున్నానని నాగశ్రీ అడిగింది. కిలోంపావు అన్నాను. "మాదానికన్నా తక్కువే" అని వాళ్లమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తర్వాత ప్రశ్న మీద ప్రశ్న. నడక ఎప్పుడొచ్చింది, మాటలు ఎప్పుడొచ్చాయి, స్కూల్లో ఏడిపించేవారా, ఉద్యోగం ఎలా వచ్చింది. అన్నిటికీ చెప్పాను. ముప్పై ఏళ్లుగా నా మీద ఉన్న మచ్చ ఆ వరండాలో ఒక్కసారిగా గొప్ప సంగతి అయిపోయింది. నాకు భలే గర్వంగా అనిపించింది, రాసుకోవడానికి సిగ్గెందుకు.

"మరి పెళ్లయిందా అండి?" అంది నాగశ్రీ.

హరీశ్ నీళ్ల సీసా మూత బిగించసాగాడు. కాలేదు అన్నాను. నాగమణి గారు "ఏంటే ఆ ప్రశ్నలు, అమ్మాయిని కూర్చోనివ్వు ముందు" అని కసిరారు.

తిరిగి వస్తుంటే తెలిసింది. ఆ ప్రశ్న నా గురించి కాదు. ముప్పై ఏళ్ల తర్వాత తన కూతుర్ని నాలో వెతుక్కుంటోంది ఆ పిల్ల. కాలేదు అనగానే ఆమె కళ్లు కిందికి వాలాయి. నా జవాబు ఆమెకు నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

సెప్టెంబర్ 4

హరీశ్ వచ్చాడు. నేను వెనక గదిలో ఫ్రేములు సర్దుకున్నాను.

సెప్టెంబర్ 10

మళ్లీ వచ్చాడు. మళ్లీ సర్దుకున్నాను. గురులింగప్ప సార్ తలుపు దగ్గర నిలబడి, "ఆ ఫ్రేములు ఇంక సర్దితే అరుగుతయ్ బిడ్డ" అన్నారు.

జాలిని ఎక్కడున్నా వాసన పట్టగలను. ఇది జాలే. మేనకోడలి మీద జాలి, నా మీదికి కొంచెం ఒలికింది. పాప బాగుపడగానే ఆరిపోతుంది.

సెప్టెంబర్ 23, మంగళవారం

సార్ కావాలనే నన్ను దుకాణంలో వదిలేసి బీదర్ వెళ్లారు. హరీశ్ వచ్చి బల్ల మీద ఒక చిన్న స్క్రూడ్రైవర్ పెట్టాడు. సూది కంటే కొంచెం లావు.

"స్క్రూ నేనే వదులు చేసుకుని వస్తున్నానండి" అన్నాడు. "ఫ్యాక్టరీలో ఇంత చిన్నది దొరకలేదు. ఇందుకోసమే కొన్నాను."

"తెలుసు" అన్నాను. తెలియదు. శ్వేతకు తెలుసు.

జాలా అని అడిగేశాను. కడుపులో పెట్టుకుని ఉండలేకపోయాను. అతను కాస్త ఆలోచించి, "మీరు నాకు తప్పు కొలత రాశారు చూడండి, ఆరోజు మీరు ఏడో నెలో తొమ్మిదో నెలో నాకు తెలీదు. ఆరోజే ఇంటికెళ్లి తలనొప్పి రావాలని కోరుకున్నాను. నిజంగానే వచ్చేసింది" అన్నాడు. తర్వాత, తనను పెళ్లి చేసుకుంటానా అని అడిగాడు. అడిగి, చెమట తుడుచుకున్నాడు.

నాకు ఎడమ కాలు బిగుసుకుంది. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ భయం వేసినప్పుడు నా నోరు ఊరుకోదు. "నన్ను అడిగితే లాభం లేదు. నేను మా అమ్మ బిడ్డను కాను. పెంటకుప్ప మీద దొరికితే రాయికోడ్‌ల శ్యామల అని ఒకామె ఎత్తుకున్నది. మా అమ్మ ఇంక తౌడిచ్చి కొనుక్కోలేదు. అడుగుడంటే ఆమెనే అడగాలె" అన్నాను. నవ్వుతాడనుకున్నాను.

"శ్యామల గారు. రాయికోడ్" అని ఫోనులో రాసుకున్నాడు.

అక్టోబర్ 5, ఆదివారం

పొద్దున శ్యామల పెద్దమ్మ ఫోన్ చేసింది. "పెంటీ, మంచిగున్నవా? నిన్ను ఇచ్చేసిన" అంది.

ఎవరికి అంటే, కోస్తా నుంచి తల్లీ కొడుకూ కారులో వచ్చారట. పళ్లు, చీర, స్వీటు డబ్బా తెచ్చి, చాపేసి కూర్చుని, మీ అమ్మాయిని మా అబ్బాయికి ఇస్తారా అని పద్ధతిగా అడిగారట. "మస్తు మంచోళ్లే. ఆమె నా కాళ్లకు దండం పెట్టబోయింది, నేను వద్దన్న. పోరడు సక్కగున్నడు. ఇంత మర్యాదగ అడిగినంక కాదంటే మంచిగుండదని సరే అన్న. బొట్టు పెట్టి పంపిన."

ఎవరి ఊళ్లో పద్ధతి వాళ్లది, తెలియనప్పుడు నేను చెప్పినట్టే చేయాలి అనుకున్నారట పాపం ఆ తల్లీకొడుకులు. మా ఇంటికి ఒక్క మాటైనా చెప్పకుండా, నేను పారిపోవడానికి ఆడిన వేళాకోళాన్ని పట్టుకుని రాయికోడ్ వెళ్లి నన్ను అడిగి తెచ్చుకున్నారు. నాకు కోపం రావాలి. వాకిట్లో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ చీర ఏ రంగో అడగడం మర్చిపోయాను.

అమ్మకు మధ్యాహ్నానికి తెలిసింది.

అక్టోబర్ 6

"ఆమె ఎవతి నిన్ను ఇయ్యనీకి?" అంటుంది అమ్మ, పొద్దుటి నుంచి ఇరవై సార్లు.

"నువ్వే కదనే, అందరికి శ్యామల బిడ్డనే అని చెప్తవు."

"అది మాటకు."

"వాళ్లు మాటనే నమ్మిన్రు."

అన్నం తినలేదు. నేను తిన్నాను, తినకపోతే దవాఖానకు తీసుకెళ్తుంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "పెండ్లంటే ఉత్త మాటలు కావు బిడ్డ. కడుపయితది. నీ పానం తట్టుకోదు" అంది. ఎవరన్నారు అంటే పప్పు గిన్నె తోముతూ ఉండిపోయింది.

అక్టోబర్ 12, ఆదివారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాగమణి గారు అమ్మకు ఫోన్ చేశారు. అమ్మ చేతికి పిండి ఉంది, స్పీకర్ పెట్టి ఫోను అరుగు మీద ఉంచాను. ఆవిడ ముందు క్షమించమన్నారు. "మీ పద్ధతి తెలీక పొరపాటు చేశామండి, ముందు మీ దగ్గరికే రావాల్సింది" అన్నారు. అమ్మ కొంచెం మెత్తబడింది. మెత్తబడి, న్యాల్‌కల్ వాళ్లకు చెప్పినట్టే, అంతకుముందు అందరికీ చెప్పినట్టే, చెప్పేసింది.

"దాచుడెందుకమ్మ. గిట్ల నెలలు నిండక పుట్టిన పోరీలకు పిల్లలు కాగూడదని డాక్టర్లు చెప్పిన్రు. కడుపయితే పానానికే ముప్పు."

నేను తలుపు పట్టుకున్నాను. ఏ డాక్టరూ నాకు ఆ మాట చెప్పలేదు. వాడిపోయిన ముఖాలన్నీ, తిరిగి ప్లేటులో వేసిన మిక్చరంతా, ఇదన్నమాట.

అవతల నాగమణి గారు, "ఏ డాక్టర్ అన్నారండి? సంబంధం సంగతి పక్కన పెట్టండి. మా నాగశ్రీ కూతురు కూడా ఇలాగే పుట్టింది కదా, దాని కోసం అడుగుతున్నాను. అలాంటి ఆడపిల్లలందరికీ అంతేనా?" అన్నారు.

అమ్మ పిండి చేత్తో ఫోను వైపు చూస్తూ కూర్చుంది. నాకు చెప్పగలిగింది, వచ్చినవాళ్లందరికీ చెప్పగలిగింది. గాజు పెట్టె దగ్గర కాపలా ఉన్న ఒక అమ్మమ్మకు చెప్పలేకపోయింది.

"లేదమ్మ" అంది చివరికి. "ఏ డాక్టరు అనలేదు. నాకే భయం. నేనే కల్పించిన. మీ పాపకు ఏం గాదు. నూరేండ్లుంటది. మీరు ఫికర్ చెయ్యకున్రి." ఇంకా చాలా చెప్పింది. పిల్లను గుండెకు ఆనించి కట్టుకోమంది, రాత్రింబవళ్లు అలాగే ఉంచమంది, తాను నన్ను పాత నూలు చీరతో కట్టుకున్నట్టు. ఆ పక్కన నాగశ్రీ కూడా వింటున్నట్టుంది, మధ్యమధ్యలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

ఫోను పెట్టేశాక అమ్మ నా వైపు చూడలేదు. నాకు గట్టిగా అరవాలనిపించింది. ఎన్ని సంబంధాలు, ఎన్ని ఆదివారాలు. అరిచాను కూడా. "నా బతుకు నువ్వే ఆపినవ్" అన్నాను. తర్వాత ఇద్దరం పూరీలు చేసుకుని తిన్నాం, పిండి కలిపి ఉంది కదా.

అక్టోబర్ 14

మాట్లాడుకోవడం లేదు. అయినా ముక్కు కింద వేలు మానలేదు.

అక్టోబర్ 24, శుక్రవారం

అమ్మను సంగారెడ్డిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నేనే అడిగాను, అమ్మ ముందే, అన్నీ. పరీక్షలు చేశారు, రిపోర్టులు చూశారు. బీపీ అప్పుడప్పుడు చూపించుకోవాలి, గర్భం వస్తే మొదటి నుంచే చెప్పి జాగ్రత్తగా ఉండాలి, చలికాలం ఆయాసానికి మందు వాడాలి. అంతకుమించి పెళ్లికి, పిల్లలకు అడ్డమేమీ లేదన్నారు.

"మల్ల ఊపిరి?" అంది అమ్మ.

డాక్టరమ్మ ఏమనుకున్నారో, తన స్టెతస్కోపు తీసి అమ్మ చెవులకు పెట్టి, రెండో కొసను నా వీపు మీద ఆనించారు. గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. పీల్చాను. అమ్మ వింటూ ఉంది. ఇన్నేళ్లు వేలు పెట్టి వెతుక్కున్నది ఇప్పుడు చెవి నిండా వినిపిస్తుంటే ఎలా ఉందో నాకు తెలియదు, నా వెనక ఉంది కాబట్టి ముఖం కనిపించలేదు. బయట జనం ఉన్నారని నర్సమ్మ రెండుసార్లు వచ్చి చెప్పింది. అమ్మ తీయలేదు.

బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నాలో అమ్మ మీద కోపం మిగిలిందేమోనని వెతుక్కున్నాను. కొంచెం ఉంది. ఉండనీ, అది కూడా నాదే.

అక్టోబర్ 28

పాప ఇంటికొచ్చింది. సహస్ర అని పేరు పెట్టారు. హరీశ్ ఫోటో పంపాడు. నాగశ్రీ పాపను గుండెకు నూలు చీరతో కట్టుకుని ఉంది, చీరలోంచి ఒక చిన్న చెవి కనిపిస్తోంది. అమ్మకు చూపించాను. ఫోను తీసుకుని ఎండలోకి వెళ్లి చూసింది.

నేను హరీశ్‌కు అవునని చెప్పాను. మెసేజిలో కాదు, దుకాణంలో, నోటితో. కొత్త కళ్లద్దాలకు కొలత తీస్తానని కూర్చోబెట్టి చెప్పాను. అతను నా ఎడమ కంట్లోకి చూశాడు. ఈసారి కొలత సరిగ్గానే రాశాను, రెండుసార్లు చూసుకుని.

నవంబర్ 2

అమ్మ పక్క గదిలో పడుకుంటానంటోంది. పడుకో అన్నాను. నాకే నిద్ర పట్టలేదు.

నవంబర్ 6

"ఇయ్యాల్నంటే ముందు నాది కావాలె కద" అంది అమ్మ, చాయ్ తాగుతూ, ఎవరో అడిగినట్టు. చాయ్ గ్లాసు కడిగి, చెప్పులేసుకుని బియ్యం మిల్లుకు వెళ్లింది. చిన్న మూటతో వచ్చింది. జల్లెడ పట్టి, రాళ్లు ఏరింది. తౌడులో రాళ్లు ఎవరు ఏరుతారు?

నవంబర్ 9, ఆదివారం

రాయికోడ్.

శ్యామల పెద్దమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. "కుప్ప కాడ దొరికింది, కుప్ప కాడనే ఇస్త" అని పట్టుబట్టింది. నాగమణి గారు ఆరోజు ఆమెకు పెట్టిన చీర నాకే కట్టించింది, ఆకుపచ్చ పట్టు. ఆ పట్టుచీరతో నన్ను పశువుల కొట్టం వెనక పెంట దగ్గర పీట వేసి కూర్చోబెట్టింది. హరీశ్ గోడ పక్కన నిలబడి నాగశ్రీకి వీడియో చూపిస్తున్నాడు. నాగమణి గారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుందామా వద్దా అని సతమతమవుతున్నారు, మర్యాద తక్కువవుతుందేమోనని.

అమ్మ కొత్త చాటలో తౌడు పట్టుకుని వచ్చింది. పెద్దమ్మ నా తల మీద చెయ్యి వేసి నిలబడి అడిగింది.

"ఎవ్వరి బిడ్డ కోసమొచ్చినవ్?"

అమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. చాట ఒక పక్కకు ఒరిగింది, అంచు నుంచి తౌడు రాలుతోంది. పెద్దమ్మ మళ్లీ అడిగింది. అమ్మ ఒకసారి వెనక్కి చూసింది, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తనకు పుట్టి పోయిన ఆ ఇద్దరినీ తీసుకెళ్లినదాని కోసం చూస్తుంది.

"భాగీరథీ, నీళ్లు తాగుతవా?" అంది పెద్దమ్మ మెల్లగా. అమ్మ వద్దని తల ఊపింది. పెద్దమ్మ కూడా ఏడుస్తోందని అప్పుడు చూశాను. నన్ను ఇచ్చేయడం ఆమెకూ తేలిక కాదని నాకెప్పుడూ తట్టలేదు. మూడోసారి అడిగింది.

"నా బిడ్డ కోసం" అంది అమ్మ.

గట్టిగానే అంది. కొట్టంలో గేదె తల తిప్పి చూసింది. అని, వెంటనే నా వైపు చూసింది. నా ముఖం కాదు, నా రొమ్ము వైపు, అది లేస్తోందా లేదా అని. అందుకని అమ్మకు కనిపించేలా గట్టిగా, నిండా ఊపిరి పీల్చాను.

పీల్చేసరికి తౌడు దుమ్మంతా ముక్కులోకి పోయింది. తుమ్మాను. ఒక్కటే తుమ్ము, ఆ సమయంలో.

అందరూ ఆగిపోయారు. పెద్దమ్మ చెయ్యి నా తల మీద బిగుసుకుంది. ఇంకో తుమ్ము రావాలని నేను ముక్కు నలుపుకున్నాను, రాలేదు. తుమ్ము వినబడితే గడప దాటని మనిషి మా అమ్మ. ఒకసారి ఇదే సాకుతో నా పదో తరగతి పరీక్షకు ఆలస్యం చేసింది. ఇప్పుడు చాట పట్టుకుని వెనక్కి తిరుగుతుందని నాకు తెలుసు. హరీశ్‌కు కూడా తెలిసినట్టుంది, ఫోను దించేశాడు.

అమ్మ చాటను పెద్దమ్మ చేతుల్లో పెట్టింది. వంగి, కొంగుతో నా ముక్కు తుడిచింది.

"నా బిడ్డకు దుమ్ము పడది" అంది. "జర దూరం జరుపున్రి ఆ తౌడు."

ఈసారి ఎవరూ అడగకుండానే అంది.